తొమ్మిదో రోజు నీళ్లు

స్కార్వ్‌నెస్‌లో సూర్యుడు మొహం చూపించక మూడు వారాలైంది. ఆ ఉత్తరపు తీరంలో ఏటా అంతే. మధ్యాహ్నం పూట దక్షిణపు కొండల మీద కాస్త నీలి వెలుగు పాకుతుంది, రెండావుల పాలు పిండేంత సేపు ఉంటుంది, మళ్లీ చీకటి. అలవాటైన జనం దాన్ని పట్టించుకోరు. పొద్దెంతైందో ఆవుల అరుపును బట్టి, పొయ్యిలోని బూడిదను బట్టి చెప్పేస్తారు. ముసలివాళ్లూ పాలేర్లూ తప్ప మగవాళ్లంతా పడవలేసుకుని దక్షిణపు దీవులకు చేపలవేటకు పోయారు. యోరున్ మొగుడు హావర్ద్ కూడా వాళ్లతోనే వెళ్లాడు.

ఆ పొద్దున యోరున్ పొయ్యి పక్కన కూర్చుని, ఎండుచేపను బండ మీద పెట్టి చెక్కసుత్తితో కొడుతోంది. దబ్... దబ్... దబ్. ఆ చేప కట్టెలా ఉంటుంది, అలా బాదితేగాని పళ్లకు లొంగదు. పక్కనే ఉయ్యాలలో కొడుకు నిద్రపోతున్నాడు. పుట్టి తొమ్మిది రోజులు. వాడికింకా పేరు లేదు.

పేరు లేకపోవడం అక్కడ చిన్న సంగతి కాదు. తల మీద నీళ్లు చల్లి పేరు పెట్టేదాకా బిడ్డ ఆ ఇంటి మనిషి కిందకి రాదు. ఇంటిపెద్ద వద్దంటే కొండమీదికి తీసుకెళ్లి వదిలేసి రావచ్చు, ఎవరూ తప్పు పట్టరు. నీళ్లు పడ్డాక అదే పని చేస్తే హత్య. తండ్రి ఊళ్లో లేనప్పుడు ఆ నీళ్లు ఇంటిపెద్దే చల్లాలి, అదీ తొమ్మిదో రోజు దాటకుండా.

ఇంటిపెద్ద అంటే యోరున్ నాన్న స్కోఫ్తి. ఆయన రాజు. రాజంటే మరీ గొప్పగా ఊహించుకోనక్కర్లేదు. రెండు యుద్ధపడవలు, నలభై ఇళ్లు, ఎవరూ ఎదురు చెప్పలేని ఒక నోరు ఉంటే చాలు, ఆ రోజుల్లో రాజైపోయినట్టే. ఎనిమిది రోజులుగా ఆయన వెనక గోడకు కాస్త ఎడంగా ఉన్న ఎత్తుపీట మీద కూర్చుని, గంజి తాగుతూ, ఒకటే మాట అంటున్నాడు. బిడ్డను నా మోకాళ్ల మీద పెట్టి, వంగి అడుగు, చల్లుతాను అని.

యోరున్ అడగలేదు. ఆ చేతుల్లో ఇంకో బిడ్డను పెట్టడానికి ఆమెకు మనసొప్పలేదు.

ఆరేళ్ల కిందట ఆమెకు తొలిచూలు ఆడపిల్ల పుట్టింది. ఆ ఏడు కరువు. నలభై ఇళ్లలోనూ ఈ ఏడు పుట్టే ఆడపిల్లల్ని పెంచేది లేదని స్కోఫ్తి శాసనం చేశాడు. మాట మా ఇంటినుంచే మొదలు కావాలి, అప్పుడే జనం వింటారు అన్నాడు. పసిగుడ్డును తన చేతులతోనే తీసుకుని కొండమీదికి పోయాడు. తిరిగొచ్చి చేతులు కడుక్కుని, అదే ఎత్తుపీట మీద కూర్చుని, వేటకుక్కలకు వెన్న రాసిన చేపముక్కలు వేశాడు. కరువులో! యోరున్ బాలింత ఒంటితో మంచులో పడి మూడు రోజులు కొండంతా వెతికింది. ఎక్కడ పెట్టారని అడిగితే, "దొరకదు, వెతక్కు," అన్నాడు. అంతే. ఆరేళ్లుగా ఆమె ఆ మనిషికి అన్నం పెడుతూనే ఉంది, కడుపు మండుతూనే ఉంది.

కానీ ఇవాళ తొమ్మిదో రోజు. పంతం కంటే బిడ్డ ముఖ్యం. తిండి కాగానే అడుగుదామని, ఆ మాటను చేదుమందులా గొంతులో సిద్ధంగా పెట్టుకుని, చేపను ఇంకాస్త గట్టిగా బాదింది.

గంజి గిన్నె పట్టుకుని ఎత్తుపీట వెనకనుంచి వచ్చిన గ్రోవా అవ్వ రాజు భుజం మీద చెయ్యి వేసి, ఉన్నచోటే ఆగిపోయింది. గ్రోవా ఆ ఇంట్లో బానిసగా పుట్టి, యోరున్‌ని ఎత్తుకుని పెంచిన మనిషి. దేనికీ బెదిరే రకం కాదు.

"అమ్మాయ్," అంది మెల్లగా. "లేవకు. ఇటు రాకు. ఆయన ఎదురుగా మాత్రం రాకు."

రాజు పోయాడు. కూర్చున్నవాడు కూర్చున్నట్టే, కళ్లు తెరుచుకునే పోయాడు.

కళ్లు తెరిచి పోయినవాడికి ఎవరూ ఎదురు పడకూడదు. అక్కడ నడక వచ్చిన పిల్లలకు కూడా ఆ సంగతి తెలుసు. దగ్గరి రక్తసంబంధం ఉన్నవాళ్లు వెనకనుంచి వెళ్లి, కళ్లు, ముక్కు, నోరు మూయాలి. ఆ తర్వాత తలవెనక గోడ పగలగొట్టి, ఆ కంతలోంచి శవాన్ని బయటికి లాగి, గోడను మళ్లీ పూడ్చేయాలి. చచ్చినవాడు తిరిగొస్తే వెళ్లిన దారినే వస్తాడు గనుక, ఆ దారి ఉండకూడదు. శవం గడప లోపల ఉన్నంతసేపూ బిడ్డకు నీళ్లు చల్లడానికి లేదు. ముందు శవం, తర్వాత నీళ్లు.

"నీళ్లు ఇంకెవరు చల్లుతారవ్వా?" అని అడిగింది యోరున్. ఏడుపు రాలేదు. రాదని ఆమెకు ముందే తెలుసు.

"కన్నదానివి నువ్వే చల్లు. నాలాంటి బానిసదాని చేతినీళ్లు చెల్లవుగానీ నీవి చెల్లుతాయి. ఇప్పుడు ఇంటిపెద్దవి నువ్వే," అంది గ్రోవా. ఈలోగా ఆయన కళ్లు మూసి ఉంచు, వెనకనుంచే సుమా అని రెండుసార్లు చెప్పి, గోడ పగలగొట్టడానికి పాలేరు ఊస్పాక్‌ని పిలుచుకురావడానికి పశువుల కొట్టంవైపు వెళ్లింది.

యోరున్ ఎత్తుపీట వెనక్కి వెళ్లింది. నెరిసిన జుట్టు వెనక నిలబడి చెయ్యి ముందుకు చాచింది. నుదురు ఇంకా పూర్తిగా చల్లబడలేదు. అప్పుడు కింద ఏదో చప్పరిస్తున్న చప్పుడైతే తొంగి చూసింది. రాజు కుడిచేయి పీట పక్కన వేలాడుతోంది. వేళ్ల మధ్య వెన్న రాసిన చేపముక్క. ముసలి వేటకుక్క దాన్ని నాకుతోంది. ఆ పొద్దున ఆమె కొట్టి మెత్తగా చేసిన చేపే అది. చచ్చే ముందు కూడా ఆ చెయ్యి కుక్క దగ్గరికే వెళ్లింది.

ఆరేళ్లు కడుపులో తొక్కిపెట్టినదంతా ఒక్కసారిగా తలకెక్కింది. ఆమె చెయ్యి వెనక్కి తీసుకుంది. పీట చుట్టూ తిరిగి ముందుకొచ్చి, ఆ కళ్లకు ఎదురుగా నిలబడింది. తెలియక కాదు, మరిచిపోయీ కాదు. ఈ మాటలు మొహం మీద అనకపోతే తాను బతికి ఉండీ దండగే అనిపించింది.

"మీరు" తప్ప ఇంకో మాట ఎరగని నోరు జన్మలో మొదటిసారి ఆయన్ని నువ్వు అంది.

"చూడు నన్ను. కుక్కపాటి చేయలేదా నా పిల్ల? నిద్రపోదామనుకుంటున్నావా? నీకు నిద్ర లేదు. లే. లేచి, నా కూతుర్ని ఎక్కడ పారేశావో అక్కడికి వెళ్లు. తీసుకొచ్చి ఈ ఉయ్యాలలో పెట్టు. అప్పుడు చావు."

అనేసి రొప్పుతూ నిలబడింది. ఒంట్లోంచి దయ్యం దిగిపోయినంత తేలిగ్గా ఉంది. నిజం చెప్పాలంటే హాయిగా ఉంది.

అప్పుడు కనిపెట్టింది. గంజిరంగు పడ్డ ఆ రెండు కళ్లు ఇందాక వాకిలి తలుపువైపు ఉన్నాయి. ఇప్పుడు ఉయ్యాలవైపు ఉన్నాయి.

తల కదల్లేదు... కళ్లే.

రెప్పలు కిందికి లాగింది. అవి మెల్లగా మళ్లీ తెరుచుకున్నాయి. మళ్లీ లాగింది. మళ్లీ. ఆఖరికి తన తలగుడ్డ విప్పి, ఆ మొహానికి మూడు చుట్లు చుట్టి ముడేసింది. అంతలో గ్రోవా, ఊస్పాక్ వచ్చారు. చుట్టిన గుడ్డనూ, యోరున్ మొహాన్నీ అవ్వ మార్చి మార్చి చూసింది. ఎదురెళ్లలేదు కదా అంది. లేదంది యోరున్. అబద్ధం ఎంత సులువుగా వచ్చిందో ఆమెకే ఆశ్చర్యమేసింది.

మట్టిగడ్డలూ రాళ్లూ పేర్చి కట్టిన గోడ అది. ఊస్పాక్ గునపంతో పొడిచి మనిషి పట్టేంత కంత చేశాడు. చలి ఒక్కసారిగా లోపలికి వచ్చింది. శవాన్ని లాగబోతే కదల్లేదు. బతికుండగా ఆయన ఇద్దరు మోయలేనంత మనిషేమీ కాదు. ఊస్పాక్ ఎద్దును తోలుకొచ్చి తాడు కట్టాడు. ఎద్దు రెండుసార్లు మోకాళ్ల మీద పడింది. దిగుడు దారిలోనే అంత బరువైతే ఎట్లా అని ఊస్పాక్ గొణిగాడు. దొర ఒళ్లు చేశాడా, లేక వెళ్లడం ఇష్టంలేక కాళ్లు తన్నిపెట్టాడా అని వేళాకోళం కూడా ఆడాడు. నేల గడ్డకట్టి ఉంది, తవ్వడం కుదరదు. పడవల పాక దగ్గర పడుకోబెట్టి, ఇంతింత బండలు పైన పేర్చి వచ్చారు. గోడ కంతను రాళ్లతో పూడ్చి, సందుల్లో తడిమట్టి కూరారు. ఊస్పాక్ ఎద్దును కట్టేయడానికి కొట్టంలోకి వెళ్లి, వణుకుతున్న ఆ జంతువును విడిచి రాలేక అక్కడే ఉండిపోయాడు.

అప్పటికి దక్షిణపు కొండల మీద నీలి వెలుగు వచ్చి పోతోంది. అంటే మధ్యాహ్నం. తొమ్మిదో రోజు ఇంకా మిగిలే ఉంది.

గ్రోవా మంచు పగలగొట్టి ఊటనీళ్లు తెచ్చి, చెక్కగిన్నెలో పోసి పొయ్యి వారన పెట్టింది. యోరున్ బిడ్డను ఒళ్లోకి తీసుకుంది. పాలు పట్టింది. వాడు కడుపునిండా తాగి, చిటికెన వేలంత ఆవులింత తీసి, మళ్లీ నిద్రలోకి జారుకున్నాడు. వాడికి ఏం పేరు పెట్టాలో ఆమె ఎప్పుడో అనుకుంది. నీళ్లు పడకముందు ఆ పేరు పైకి అనకూడదని, మొగుడికి కూడా చెప్పలేదు. వాణ్ని ఉయ్యాలలో పడుకోబెట్టి, గిన్నె చేతిలోకి తీసుకుని, మూడు వేళ్లు ముంచింది.

దబ్.

ఇద్దరూ పైకి చూశారు. ఇంటికప్పు మీద ఏదో పడ్డ చప్పుడు.

దబ్... దబ్...

చేపను కొట్టే చప్పుడు లాంటిదే. కానీ సుత్తి పొయ్యి పక్కనే పడి ఉంది. దూలాల సందుల్లోంచి మట్టి రాలి గిన్నెలోని నీళ్లలో పడింది. వేటకుక్కలు, మనిషిని చీల్చే కుక్కలు, పొట్టలు నేలకానించి బల్లకిందికి పాకిపోయాయి. సముద్రపు బండల తడివాసన... దాని వెనకే వెన్నవాసన. అడుగులు కప్పు ఈ కొసనుంచి ఆ కొసకు నడిచాయి. ఎత్తుపీట పైన ఆగాయి.

కిందికి దిగిన చప్పుడు. గోడ అవతల.

తర్వాత ఏమీ లేదు...

"చల్లు," అంది గ్రోవా, పెదాలు మాత్రమే కదిలిస్తూ. "ఒక్క చుక్క చాలు తల్లీ. పేరు చెప్పు."

యోరున్ చెయ్యి ఎత్తింది. వేళ్ల చివర నీళ్లు వేలాడుతున్నాయి. అప్పుడు గోడ అవతలనుంచి ఏడుపు వినిపించింది.

పసిబిడ్డ ఏడుపు. పుట్టి ఇంకా పూట కూడా కానిది, గొంతు ఇంకా తెరిపిన పడనిది. కొడుకు కళ్లముందే నిద్రపోతున్నాడు. అయినా యోరున్ రొమ్ముల్లో పాలు చేపుకొచ్చి, జాకెట్టు తడిసి, బొట్లుబొట్లుగా ఒళ్లోకి కారాయి. ఆ గొంతును ఆమె విన్నది ఒక్క పూట. ఆరేళ్లలో ఒక్కరోజు కూడా మరిచిపోలేదు.

"చెవి పెట్టకు," అంది అవ్వ. "అది నీ పిల్ల కాదు."

"నా పిల్లే."

"అయితే మాత్రం? ఇది బతికున్న పిల్లాడమ్మా. ముందు వీడికి చల్లు!"

ఎవరైనా అదే చెప్తారు. యోరున్‌కీ తెలుసు. కానీ గోడ అవతల నిలబడ్డవాడు ఆ పిల్లను మళ్లీ ఆ చేతుల్లోనే పట్టుకుని ఉన్నాడు. ఆ చేతుల్లో! అది తలుచుకునేసరికి ఆమెకు కళ్లు కనపడలేదు. గిన్నె పొయ్యి గట్టు మీద పెట్టేసింది. మట్టిగడ్డలు కోసే పార అందుకుంది. వచ్చి చల్లుతా, ఇక్కడే కూర్చో, ఉయ్యాల వదలకు అంది. గ్రోవా కొంగు పట్టుకుంటే విదిలించుకుని, వాకిలి తలుపు తీసుకుని బయటపడింది.

ఇల్లు చుట్టి వెనకవైపుకి వెళ్లడానికి ఎంత సేపు... ఇరవై ముప్పై అడుగులు. మంచు మోకాళ్ల దాకా ఉంది. నోటికొచ్చిన తిట్లన్నీ తిడుతూ నడిచింది. "రా. ఇటియ్యి దాన్ని. ఇచ్చి పో."

వెనక ఎవరూ లేరు.

మంచులో అడుగులు మాత్రం ఉన్నాయి. వట్టి పాదాలు. మామూలు మనిషి పాదానికి రెండింతలు. పడవల పాకవైపునుంచి ఒక వరస కొండమీదికి వెళ్లింది. కొండమీదినుంచి ఒక వరస ఇంటికి వచ్చింది. ఎక్కడికో ఎరిగినవాడిలా, ఎటూ తడుముకోకుండా, తిన్నగా. దారిలో ఆమె తలగుడ్డ పడి ఉంది, ముడి విప్పకుండానే.

ఏడుపు ఆగలేదు. కానీ ఇప్పుడది బయటనుంచి రావడం లేదు. ఇంటి లోపలినుంచి వస్తోంది.

ఆమె గోడవైపు చూసింది. పూడ్చిన కంత తెరిచి ఉంది. రాళ్లు పడిపోలేదు, ఒక్కొక్కటీ తీసి, ఓపిగ్గా పక్కన పేర్చి ఉన్నాయి.

పార ఎక్కడ పడేసిందో, తలుపుదాకా ఎలా వచ్చిందో ఆమెకు తెలీదు. లోపల దీపం ఆరిపోయింది. పొయ్యిలో కాస్త ఎర్రగా నిప్పుంది. గ్రోవా గోడకు ఆనుకుని, కొంగు మొహం మీదికి లాక్కుని కూర్చుంది. ఉయ్యాల ఊగుతోంది. గట్టు మీద గిన్నెలో నీళ్లు అడుగుదాకా గడ్డకట్టాయి, పొయ్యి పక్కనే.

"అవ్వా," అంది యోరున్.

"ఏం అడిగావే ఆయన్ని?" గ్రోవా గొంతు గీసుకుపోయింది. "ఎదురుగా నిలబడి ఏం అడిగావు?"

యోరున్ చెప్పింది. కూతుర్ని తెచ్చి ఈ ఉయ్యాలలో పెట్టమన్నాను అని. ఆ మాటలు ఇప్పుడు తన నోటితో తానే వింటుంటే, మిగతాది ఎవరూ చెప్పకముందే అర్థమైంది.

"తెచ్చి పెట్టాడు," అంది అవ్వ. "ఉయ్యాలలో చోటు ఒక్కటే కదమ్మా. ఉన్నవాణ్ని తీసుకెళ్లాడు."

యోరున్ ఉయ్యాల మీదికి వంగి గుడ్డలు విప్పింది. ఆడపిల్ల. బొడ్డుకు నీలి ఉన్నిదారం కట్టి ఉంది. కాన్పు రోజున ఇంకేదీ అందక, తన చేతిమీది అల్లికలోంచి తెంపి కట్టిన దారం. ముడి కూడా తనదే. పిల్ల ఒంటిమీద మంచు లేదు, మట్టి లేదు. ఒళ్లు వెచ్చగా ఉంది.

బతికుండగా ఒక్కనాడూ ఆమె మాట వినని మనిషి, చచ్చాక పొల్లుపోకుండా విన్నాడు.

పిల్లను ఒక చేత్తో పొదువుకుని ఆమె కంతలోంచి తల బయటికి పెట్టింది. కొండమీదికి మూడో వరస అడుగులు వెళ్లాయి, అప్పుడే పడ్డవి. పైన ఎక్కడో, చీకట్లో, కొడుకు ఏడుస్తున్నాడు. ఆకలేడుపు కాదు. చలి ఏడుపు. ఏ బండ వెనకో తెలీదు. ఆరేళ్ల కిందట మూడు రోజులు వెతికినా దొరకని చోటది.

పిలుద్దామని నోరు తెరిచింది. ఇన్నాళ్లూ మనసులో దాచుకున్న పేరుతో గట్టిగా పిలిచింది. కొండ దాన్ని తిరిగి చెప్పింది, అంతే. ఏడుపు ఆగలేదు, దగ్గరికీ రాలేదు. నీళ్లు పడని పేరు ఎవరిదీ కాదు. ఆ పేరుతో పిలిస్తే ఎవరు పలుకుతారు? ఒక్క చుక్క. వేళ్ల చివర వేలాడిన ఒక్క చుక్క. ఆమె తనను తాను తిట్టుకుంది, తండ్రిని తిట్టింది, ఊస్పాక్‌ని ఎలుగెత్తి పిలిచింది, దివిటీలు తెమ్మంది, కుక్కల్ని వదలమంది. కుక్కలు బల్లకిందినుంచి కదల్లేదు.

ఇంతలో చంకలోని పిల్ల గుక్కపట్టింది. అవ్వ అందుకోవడానికి చేతులు చాచలేదు. దూరంగా జరిగింది. యోరున్ ఒక కన్ను కొండమీదే ఉంచి, అలవాటైన చేత్తో జాకెట్టు తొలగించి, పిల్లకు రొమ్ము అందించింది. పిల్ల ఆబగా పట్టుకుంది.

యోరున్ రొమ్ముకు ఏదో పదునుగా గుచ్చుకుంది.

మెల్లగా, చిటికెన వేలు పెట్టి ఆ నోరు తెరిచింది. పొయ్యి వెలుగుకు తిప్పి చూసింది. పుట్టి పూట కూడా కానంత చిన్న నోరు. నిండా పళ్లున్నాయి. ముందు రెండు మాత్రం లేవు... ఆరేళ్ల పిల్లకు ఊడినట్టు.